తాతబాబు కాలేయం కనబడిన రోజు

మలేసియాలోని బంటింగ్‌లో ఫ్యాక్టరీ బస్సు నడిపే తాతబాబు వేలిని పొడిచి, రోజూ పొద్దున్నే చక్కెర చూస్తుంది భార్య ఉమాదేవి. అక్కడి కొలతలో ఏడు లోపు ఉండాల్సింది, ఆరోజు మిషన్ పదకొండు చూపించింది.

"నిజం సెప్పు. మళ్ళీ తీపి టీ తాగినావు కదా?"

"ఒట్టు ఉమా. ముట్టుకుని నాలుగు నెలలైంది."

"మా అన్నా ఇలాగే ఒట్లేసినాడు. ముందు కాలు పోయింది, ఆ మీదట మనిషే పోయినాడు. మళ్ళీ అది సూడలేను. శనివారం సైబర్‌జయ పోతాను, అమ్మాయి దగ్గరే ఉండిపోతాను."

ముప్పై రెండేళ్ల కాపురంలో ఆవిడ ఆ మాట ఎన్నడూ అనలేదు. అతను నిజంగానే మానేశాడు. కానీ నమ్మించేదెలా?

స్నానం చేసి వచ్చేసరికి తాతబాబు కుడి పక్కటెముకల కింద, అరచేయంత మేర చర్మం గాజులా తేటపడింది. లోపల కాలేయం ఎర్రగా, నింపాదిగా కనబడుతోంది. ఉమాదేవి తువ్వాలుతో దాని మీది తడి తుడిచింది.

"పలచటి సొక్కా ఏసుకో, ఉక్కబోస్తాది. పద, డాక్టరుకి సూపిద్దాం."

క్లినిక్‌లో కూర్చున్నవాళ్లు ఓసారి తొంగి చూసి, మళ్ళీ ఫోన్లలో పడ్డారు. డాక్టర్ షామినిది అమ్మమ్మ దగ్గర నేర్చిన తెలుగు. ఆమె భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. మామూలుగా భూతద్దానికి అందనివి కూడా ఆ గాజులోంచి అందాయి.

"ఆంటీ, ఇలా రండి. ఈ సన్నటి రక్తనాళాల గోడలకి జల్లెడలాగా చిల్లులుంటాయి. వయసు మీదపడేకొద్దీ కొన్ని మూసుకుపోతాయి. అప్పుడు ఇన్సులిన్ లోపలికి సరిగా వెళ్ళదు, కొవ్వు రక్తంలోనే తిరుగుతుంది. అంకుల్ నోరు కట్టుకున్నా చక్కెర పెరిగింది అందుకే."

"ఐతే అబద్ధమాడలేదా?"

"లేదు లా, ఆంటీ" అంది షామిని, అక్కడివాళ్ల అలవాటు కొద్దీ మాట చివర 'లా' చేర్చి.

ఉమాదేవి కుర్చీలో కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. "దొంగని సూసినట్టు సూసినాను నిన్ను."

"నాకే అనుమానమొచ్చింది ఉమా. నిద్దట్లో లేచి తాగేస్తున్నానేమోనని."

ఆవిడకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"చిల్లులన్నీ తెరుచుకుంటాయని మాటివ్వలేను" అంది షామిని. "మాత్ర మారుస్తాను. రోజూ నడవండి, పొట్ట తగ్గించండి. చక్కెర దిగుతుంది."

బయటికి రాగానే ఉమాదేవి కూతురికి ఫోన్ చేసింది. "లోగేశ్వరీ, నేను రావట్లేదు లా. మీ నాయనకి నడకలో తోడు కావాలి."

తాతబాబు మోటార్‌సైకిల్ తాళం తీయబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అదిక్కడే ఉండనీ. ఇంటికెంత దూరమని?"

ఇద్దరూ ఎండలోనే నడక మొదలెట్టారు.