ఒక్కపూట ల్యాబు

తన కాలేజీలో, తన ల్యాబులో, తను నేర్చుకోవలసిన మిషను మీద చెయ్యి వేసినందుకు ఒక కుర్రవాడు చెంపదెబ్బ తిన్నాడు. కొట్టినవాడు కాలేజీ సూపర్‌వైజరు. తిన్నవాడు మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థి, అందరూ పొడుగోడంటారు. నేను రెండు గజాల దూరంలో నిలబడి చూశాను.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా? గీత పడితే ఎవడు కడతాడ్రా, నీ బాబా?"

"నేర్చుకునే మిషనే కద్సార్..."

"నేర్చుకునేది కాదురా, చూపించేది!"

ఆ రోజు మొత్తం మీద ఆ కాలేజీలో యాజమాన్యం తరఫున పలికిన నిజం అదొక్కటే.

ఆ మిషను లేత్, ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ చెక్కేది. తెల్లవారాక వ్యానులో దిగింది. దాంతోపాటు రెండు డ్రిల్లింగ్ మిషన్లు, ఒక గ్రైండరు, గోడకు తగిలించే పటాలు. హమాలీలు తాళ్ళు కట్టి, చెక్కలు దోపి, "హైసా" అంటూ లోపలికి జరిపారు. లేత్ మిషను కాళ్ళ దగ్గర నేలకు బోల్టులు బిగించలేదు. బోల్టు తలకాయలు మాత్రం తెచ్చి బంకతో అంటించారు. సాయంత్రం తిరిగి వ్యానెక్కి ఊరికి ఆ చివరనున్న ఇంకో కాలేజీకి పోవాలట. రేపు అక్కడ తనిఖీ.

ఇంతకీ నాకక్కడ పనేమిటంటే, ఆ పూటకు ఆ ల్యాబు ఇన్‌ఛార్జిని నేనే. చదివింది ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం. ఆ పట్టా బీరువాలో దుప్పట్ల అడుగున పడుంది. ముందురోజు నేను కూర తరుగుతుంటే, మా వీధి చివరే ఉండే సూపర్‌వైజరు గుమ్మంలోకొచ్చి వంగి నిలబడ్డాడు.

"కమిటీ వస్తోందమ్మా. వాళ్ళు చూసి బాగుందంటేనే కాలేజీకి గుర్తింపు. లెక్చరర్లు తగ్గారు. మీరు మంచి బట్టలు కట్టుకొచ్చి నిలబడితే చాలు, భోజనం మాదే."

"నేను చదివింది చెట్లూ చేమలూ నాయనా. ఇనుము కాదు."

"ఫర్లేదమ్మా. కమిటీ పెద్దాయన చదివింది కామర్సు."

మావారు గదిలోంచే "మనకెందుకు" అన్నారు. పాతికేళ్ళ సంసారంలో ఆ మాట ఆయన అనని రోజు లేదు, నేను విన్న రోజూ లేదు. సరేనన్నాను. ఆ కాలేజీలో మా ఆడపడుచు కూతురు చదువుతోంది. మా ఇంట్లోనే ఉంటుంది. మూడేళ్ళుగా పొద్దున్నే డబ్బా కట్టి పంపుతున్నాను కదా, అది వెళ్ళేచోట ఏముందో ఒకసారి చూద్దామనిపించింది.

ఏమీ లేదు. నాలుగు గోడలు, ఒక బోర్డు.

మా మేనకోడలి నాన్న వెల్డరు. ఇంటర్ ఫలితాలు రాగానే ఏజెంట్లు వాళ్ళింటి మీదకు ఈగల్లా వాలారు. "ఫీజు గవర్నమెంటే కడుతుంది బావగారూ, మీరు సంతకం పెడితే చాలు" అని వరసలు కలుపుకుని మరీ చెప్పారు. ఆ ఫీజు సాయం పిల్లల పేరున పుడుతుంది, కాలేజీ ఖాతాలో పెరుగుతుంది. మధ్యలో పిల్లలు సంతకానికి మాత్రమే పనికొస్తారు.

క్రితం నెల ఆ పిల్ల ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్ళింది. మార్కుల కాగితాలు చూసి బాగున్నాయన్నారు. తర్వాత లేత్ ముందు నిలబెట్టి ఇనుప కడ్డీ చేతికిచ్చి, "బిగించి తిప్పమ్మా" అన్నారు. పుస్తకంలో ఆ బొమ్మను కళ్ళు మూసుకుని గీయగలదు. కడ్డీ ఎక్కడ దూర్చాలో తెలియలేదు. అక్కడి ఫోర్‌మన్ కాలేజీ పేరు అడిగి, పక్కవాడితో, "ఆ దుకాణం సరుకే" అన్నాడట. ఇంటికొచ్చి ఈ మాట నాకు చెప్పి, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వచ్చే నెల అదే ఫ్యాక్టరీలో మళ్ళీ పరీక్ష ఉంది. ఈ బ్యాచ్ మొత్తానికి అదే ఆఖరి అవకాశం. ఈ మధ్యలో వాళ్ళ కంటికి కనబడ్డ మొదటి లేత్, ఇదిగో, ఈ అద్దె లేత్.

కమిటీ వచ్చింది. ముగ్గురు. ముందు సెక్రెటరీ, అంటే కాలేజీ యజమాని, చేతులు కట్టుకుని వెనక్కి నడుస్తూ వాళ్ళను లోపలికి తీసుకొచ్చాడు. పెద్దాయన లేత్ వైపు చూసి, నా వైపు చూసి, "పిల్లలకు ప్రాక్టికల్స్ ఎలా సాగుతున్నాయి మేడం?" అన్నాడు.

"వేరు పట్టడానికి కాస్త టైం పడుతుందండీ. నేల అలాంటిది" అన్నాను.

ఆయన తల ఊపాడు. వెనకున్న ఆయన రాసుకున్నాడు కూడా.

సెక్రెటరీకి హుషారొచ్చింది. పొగిడేవాళ్ళు దొరికితే ఆగలేని జబ్బు అతనికి. లేత్ మీద చెయ్యి వేసి, "ఇది మా పిల్లల సొంతం సార్. పగలనక రాత్రనక దీని మీదే ఉంటారు. ఎవరికెప్పుడు కావాలంటే అప్పుడు వాడుకోవచ్చు. మా దగ్గర తాళాలుండవు" అన్నాడు.

వరసలోంచి మా మేనకోడలు చెయ్యెత్తింది.

"నిజంగానా సార్? ఎప్పుడు కావాలంటే అప్పుడా?"

సెక్రెటరీ నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. కమిటీ చూస్తోంది.

"అదేం ప్రశ్నమ్మా. మీ కోసమే కదా ఇదంతా."

"థాంక్యూ సార్" అంది పిల్ల. చాలా వినయంగా.

కమిటీ భోజనాలకు వెళ్ళింది. హమాలీలు తాళ్ళు పట్టుకుని వచ్చేశారు. వాళ్ళ ముఠాకు ఒక నెరిసిన మీసాల మేస్త్రి ఉన్నాడు. పిల్లలు మాత్రం గదిలోంచి కదల్లేదు. నలభైమందికి పైనే ఉంటారు, లేత్ చుట్టూ నేల మీద కూర్చున్నారు.

"లేవండ్రా, బండి టైమయింది" గుమ్మం బయటినుంచే అన్నాడు సూపర్‌వైజరు.

"ప్రాక్టికల్ చేసుకుంటాం" అన్నాడు పొడుగోడు. చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

సూపర్‌వైజరు తిట్లు మొదలుపెట్టాడు. అవి రాయడానికి నా కాగితం ఒప్పుకోదు. నేను లేచి తలుపు మూసి, లోపల గడియ పెట్టి, పొద్దున నాకప్పగించిన ల్యాబు తాళం దానికి వేశాను. సూపర్‌వైజరు బయట, మేస్త్రీ వాళ్ళూ పిల్లలూ లోపల మిగిలారు.

"మేడం! తాళం!" కిటికీ ఊచలు పట్టుకుని అరిచాడు.

"ఇన్‌ఛార్జిని నేనే కదా నాయనా. బయట బోర్డు మీద నువ్వే రాయించావు."

లోపల మాత్రం అంతా ఒక్క మాట మీద లేరు. కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడొకడు, వాళ్ళలో మార్కులు ఎక్కువ వచ్చేవాడు, లేచి నిలబడ్డాడు.

"ఆవేశపడకండి. ఈ సంగతి బయటపడితే గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే సాయం ఆగుతుంది. సాయం ఆగితే మా నాన్న కడతాడా? మా నాన్న వాచ్‌మన్. డిగ్రీ అయినా మిగలనివ్వండి!"

"ఆ డిగ్రీ పట్టుకెళ్ళి నువ్వేం అవుతావు?" పొడుగోడు అడిగాడు.

"ఏదో ఒకటి."

"మా అన్న పోయిన బ్యాచ్. ఏదో ఒకటే అయ్యాడు. మీ నాన్న గేటుకు పక్క గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడుతున్నాడు."

కళ్ళజోడు వాడు మళ్ళీ కూర్చున్నాడు. మా మేనకోడలు మెల్లగా అంది: "మనం ఊరుకుంటే గుర్తింపు ఉంటుంది, నిజమే. దేనికుంటుంది? ఇంకో మూడొందల మందిని ఇలాగే తెచ్చి పడెయ్యడానికి. నేను ఫ్యాక్టరీలో కడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు, నాకు రాదని సిగ్గుపడ్డాన్రా. ఇవాళ పొద్దున పొడుగోడికి దెబ్బ పడ్డప్పుడు తెలిసింది, ఆ సిగ్గు నాది కాదని."

ఆ పిల్ల ఇంట్లో నోరు విప్పి కూర కూడా అడగదు.

బయట సూపర్‌వైజరు కిటికీలోంచే మేస్త్రి మీద అరిచాడు. "ఏయ్, చూస్తావేంటి? వాళ్ళను లాగి పారేసి మిషను ఎత్తు!"

మేస్త్రి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "బరువులెత్తడం మా పని సారూ. మనుషుల్నెత్తడం కాదు. దానికి వేరే డిపార్ట్‌మెంటుంది, పిలిపించుకోండి."

హమాలీలు గొల్లున నవ్వారు. వాళ్ళూ గోడ వారన చతికిలబడ్డారు. మా పిల్ల కళ్ళజోడు వాడి వైపు చూసి, "కరెంటు ప్లగ్గు నీ పక్కనే ఉంది" అంది. వాడు ఒక్క నిమిషం దాన్నే చూశాడు. తర్వాత పెట్టాడు.

మిషను తిరిగింది. నేలకు బిగించలేదు కదా, పిచ్చెత్తినట్టు ఊగింది. పిల్లలు కెవ్వుమని వెనక్కి దూకారు. మేస్త్రి ఆపమని సైగ చేసి, తన చెక్కలు నాలుగు కాళ్ళ కిందా దోపి, మనుషులు దూరంగా ఉండేలా తాడు కట్టాడు. మళ్ళీ తిప్పారు. ఒకరు పుస్తకం చదవడం, ఒకరు చెయ్యడం, మిగతావాళ్ళు "కాదెహె, ఆ పక్కది" అని అరవడం. మా పిల్ల మిషనుతోపాటు వచ్చిన ఇనుప కడ్డీ బిగించి, ఉలి ఆనించింది. మొదటి కోత ఎలకలు కొరికినట్టు వచ్చింది. అందరూ ఈలలు వేశారు. మూడేళ్ళ ఇంజనీరింగ్ చదువు అక్కడ మొదలైంది.

సెక్రెటరీ భోజనం మధ్యలో లేచి వచ్చాడు, చెయ్యి కూడా కడుక్కోకుండా. కిటికీలోంచి నెయ్యి వాసన వచ్చింది.

"గవర్నమెంటు పెట్టే తిండికి చదివే వెధవలు! మీకు మిషన్లు కావాల్సొచ్చాయా? సీటివ్వడమే ఎక్కువ! సర్టిఫికెట్లు ఒక్కడికీ ఇవ్వను, అడుక్కు తింటారు!"

నాకు కోపం రావాలి. కోపం కంటే ముందు రోత వచ్చింది. ఆ పిల్లల పేరు చెప్పి తింటున్న నోరే అది.

పోలీసులు వచ్చారు. చప్పుడు విని కమిటీ కూడా వచ్చింది, పెద్దాయన పళ్ళు కుట్టుకుంటూ. ఎస్సై కిటికీలోంచి చూసి అడిగాడు: "ఏంటి గొడవ?"

"మిషను బయటికి పోనివ్వట్లేదు సార్" అన్నాడు సూపర్‌వైజరు.

"మిషనెవరిది?"

సూపర్‌వైజరు సెక్రెటరీ వైపు చూశాడు. అద్దెదంటే కమిటీ వింటుంది. తమదంటే కేసు నిలవదు. సెక్రెటరీ గొంతు సవరించుకుని, "మాదే" అన్నాడు.

"మీ మిషను, మీ ల్యాబు, మీ పిల్లలు. నన్నేం రాయమంటారు?"

ఊచల వెనకనుంచి నేను, "ప్రాక్టికల్స్ బాగా సాగుతున్నాయని రాయండి" అన్నాను.

పిల్లలు విరగబడి నవ్వారు. కమిటీ పెద్దాయన ఏమీ విననట్టు కారు వైపు నడిచాడు. ఆయనకు పొద్దున్నుంచే అన్నీ తెలుసని అప్పుడు అర్థమైంది. సెక్రెటరీ ఎస్సై భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చట్టం మారిపోయింది. సూపర్‌వైజరు ఒక రాయి తీసుకుని అందరూ చూస్తుండగానే వ్యాను అద్దం పగలగొట్టాడు. "పిల్లలు పగలగొట్టారు సార్" అన్నాడు, రాయి ఇంకా చేతిలో ఉండగానే.

తలుపు విరగ్గొట్టారు. లాఠీలు లేచాయి. పొడుగోణ్ణి, మేస్త్రిని, మా పిల్లను, నన్ను లాక్కెళ్ళి జీపులో పడేశారు. మిగతావాళ్ళు మిషను చుట్టూ చేతులు పెనవేసుకుని, దెబ్బలు తింటూనే వదల్లేదు. కళ్ళజోడు వాడి అద్దాలు పగిలాయి. వాడే ముందు వరసలో ఉన్నాడు.

"మామయ్య ఏమంటాడో అత్తయ్యా" అంది మా పిల్ల. నుదుటి మీద రక్తం, చేతులకు గ్రీజు.

"మనకెందుకు అంటాడు. ఈసారి చెబుతాలే ఎందుకో."

జీపు గేటు దాటలేదు. ఎదురుగా బస్సు ఆగింది. దాని మీద ఊరి చివర కాలేజీ పేరుంది. యాభై మంది పిల్లలు దిగారు, కొందరి చేతుల్లో కర్రలు. ముందున్న అమ్మాయి కేకలేసింది.

"మా మిషను దాచుకుంది మీరేనా? సాయంత్రంలోగా రాకపోతే రేపు కమిటీ మా కాలేజీని మూసేస్తుందట. మా ప్రిన్సిపాలు చెప్పాడు, వెళ్ళి తెచ్చుకోండని!"

సెక్రెటరీ మొహం వెలిగింది. "లోపలుందమ్మా, తీసుకెళ్ళండి, తీసుకెళ్ళండి!"

పిల్లల మీదకు పిల్లల్ని ఉసిగొల్పారన్నమాట.

మా పిల్ల జీపులోంచి తల బయటపెట్టింది. "తీసుకెళ్ళు. రేపు సాయంత్రం అది ఇంకో చోటికి పోతుంది. నీకేం మిగులుతుంది?"

"డిగ్రీ మిగులుతుంది!"

"నాకూ అదే మిగులుతుంది. మార్కుల కాగితాలు ఫ్యాక్టరీలో చూపిస్తే దుకాణం సరుకన్నారు. నువ్వెప్పుడైనా చూపించావా?"

లాఠీల గోల ఒక్క క్షణం సద్దుమణిగింది. ల్యాబులోంచి గరగరమని శబ్దం వస్తోంది. ఎవరో మళ్ళీ తిప్పారు.

"ఏంటా చప్పుడు?"

"లేత్" అన్నాడు పొడుగోడు.

"నేను ఫైనలియరు" అంది ఆ అమ్మాయి. "ఇప్పటిదాకా వినలేదు."

వెనక్కి తిరిగి తనవాళ్ళతో ఏదో అంది. వాళ్ళు గొడవపడ్డారు, ఇద్దరు ముగ్గురు బస్సెక్కి కూర్చున్నారు. మిగతావాళ్ళు కర్రలు కింద పారేశారు. సగం మంది సెక్రెటరీని పక్కకు నెట్టుకుంటూ ల్యాబు వైపు పరిగెత్తారు. సగం మంది వచ్చి జీపు చక్రాల ముందు కూర్చున్నారు. హమాలీలూ వాళ్ళ పక్కన చేరారు. డ్రైవరు హారను కొట్టి కొట్టి అలిసిపోయాడు.

ఎస్సై దిగి, లాఠీతో బానెట్ మీద కొట్టాడు. "లేస్తారా లేదా? రేపు మీ కాలేజీకి కమిటీ వస్తే ఏం చూపిస్తారే?"

ఆ అమ్మాయి కూర్చున్నచోటే కాళ్ళు చాపుకుంది.

"ఖాళీ గది చూపిస్తాం. శుభ్రంగా ఊడ్చి, తలుపులు బార్లా తీసి, మేమే దగ్గరుండి చూపిస్తాం."