తోక బరువు

మా ఆయన పైలట్ కావలసిన మనిషి. ఈ సంగతి నాకు పెళ్లిచూపుల నాడే తెలిసింది. పిల్లవాడు ఏం చేస్తాడని మా బాపు అడిగితే, జనగామలో కోఆపరేటివ్ బ్యాంకు ఉద్యోగమని చెప్పడానికి ముందే, ఆ ఏడాది పోకుండా ఉంటే ఎయిర్‌ఫోర్స్‌లో ఉండేవాడని చెప్పింది మా అత్తమ్మ. ఆ ఏడాదంటే అరవైతొమ్మిది. ఆయనది అప్పుడు హన్మకొండలో డిగ్రీ ఆఖరు సంవత్సరం. తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డాయి, పరీక్షలు ఆగిపోయాయి, అందరితోపాటు ఆయన చదువూ ఒక సంవత్సరం వెనక్కి పోయింది. పట్టా చేతికొచ్చేసరికి పైలట్ సెలక్షన్‌కు వయసు దాటిపోయింది. ఊరేగింపుల్లో ముందు వరసలో నడిచినందుకు మాత్రం మా ఆయన, మహిపాల్ రెడ్డిగారు, ఏనాడూ చింతించలేదు. అది వేరే, ఇది వేరే అనేవారు.

ఆ వేరే సంగతే నాకు కాపురానికి వచ్చిన నాటి నుంచీ వినపడుతూ వచ్చింది. పై అధికారి కసురుకున్నా, స్కూటర్ నడిరోడ్డు మీద ఆగిపోయినా, చివరికి జ్వరమొచ్చి పడుకున్నా, ఆ ఏడాది పోకుంటే నా బతుకు గిట్లుండకపోవు అనేవారు. ఆ మాట నా చెవిలో ఇల్లు కట్టుకుంది. పైలట్లకు జ్వరాలు రావా అని ఒకసారి అడిగాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఎనభైనాలుగులో మా తమ్ముడు ప్రతాప్ దుబాయి నుంచి సెలవు మీద వస్తూ బావ కోసం ఒక రంగుల క్యాటలాగు తెచ్చాడు. నేల మీద నిలబడి, చేతిలో రేడియో పెట్టె పట్టుకుని, దాని మీది మీటలు కదుపుతూ ఎగరేసే చిన్న విమానాల బొమ్మలు అందులో ఉన్నాయి. బొమ్మలంటే ఆయన ఒప్పుకోరు. రెక్కలు బారెడు పైనే ఉంటాయి, నిజమైన ఇంజన్ ఉంటుంది, కిందపడితే నిజంగానే ముక్కలవుతుంది. వచ్చే సెలవుకు ఏది తెమ్మంటే అది తెస్తానని చెప్పి ప్రతాప్ వెళ్లిపోయాడు.

ఇక మా ఇంట్లో ఎంపిక మొదలైంది. ఆడపిల్లకు సంబంధం చూసేవాళ్లు కూడా అంత వెతకరు. రేడియోకు రెండు చానళ్లు చాలా, నాలుగు కావాలా? ఇంజన్ ఎంత పెద్దది? చక్రం ముక్కు కింద ఉండాలా, తోక కింద ఉండాలా? ఆయన మనసు మాత్రం మొదటి రోజే ఒక యుద్ధవిమానం మీద పడింది. రెక్కలు పొట్ట కిందుగా ఉండి, చూడగానే మీదికి దూకేటట్టుండేది. పక్క పేజీలో ఇంకోటి ఉండేది. నడుముకు పలక కట్టుకున్న మిడతలా, రెక్కంతా వీపు మీద పెట్టుకుని. నేర్చుకునేవాళ్లకట. ఆయన ఆ పేజీని త్వరగా తిప్పేసేవారు.

మానుకోట స్టేషన్ దగ్గర అమర్‌సింగ్ అన్న రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. తండాలో పుట్టి, ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేరి, పింఛనుతో ఇంటికొచ్చిన మనిషి. అక్కడి క్లబ్బులో ఇలాంటి విమానాలు చాలా ఎగరేశానని, కొన్ని పడగొట్టానని కూడా దర్జాగా చెప్పుకుంటాడు. ఒక ఆదివారం రైలెక్కి అతని దగ్గరికి వెళ్లాం. అమర్‌సింగ్ క్యాటలాగు తిరగేసి, నాలుగు చానళ్ల రేడియో తీసుకోమన్నాడు. తర్వాత యుద్ధవిమానం మీద నుంచి వేలు తీసి మిడత మీద పెట్టాడు.

"మొదటిది గిదే ఉండాలె సాబ్. రెక్క పైన ఉంటది గనక, వంకర పోయినప్పుడు మీరు చేతులొదిలితే దానంతటదే సర్దుకుంటది. గా ఫైటర్ సర్దుకోదు. మీరు ఎట్ల చెప్తే అట్ల పోతది, తప్పు చెప్తే తప్పుకే పోతది."

తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. పైలట్ కావలసినవాడికి పిల్లల బండా అని ఒక్కసారి అన్నారంతే. ఆ తర్వాత కూడా నెలల తరబడి క్యాటలాగు వదల్లేదు. రోజులు గడిచేకొద్దీ నాకు ఒకటి అర్థమైంది. ఎంచుకుంటున్నంతకాలం ఏ విమానమూ కిందపడదు. ప్రతాప్ ట్రంక్‌కాల్ చేసినప్పుడు ఆయన ఇంట్లో లేరు. రెక్క పైన ఉన్నది తెమ్మని నేనే చెప్పాను. ఆయనకు చెబితే గొడవ చేస్తారనుకున్నాను. చేయలేదు. ఇంకొకరు తేల్చినందుకు కొంచెం తేలికపడ్డట్టు కూడా అనిపించింది.

విమానం విడి పుల్లలుగా పెట్టెలో వచ్చాక అమర్‌సింగ్ కొన్ని ఆదివారాలు మా ఇంటికొచ్చి, ఆయనతో కలిసి ఆ పుల్లలన్నీ అతికించాడు. ఇంజన్‌కు స్పిరిట్‌లో ఆముదం కలిపి పోశారు. వాకిట్లో దాన్ని మొదటిసారి తిప్పినప్పుడు వచ్చిన పొగ వాసన చూసి, గిది మన ఆముదమే గదా అని అత్తమ్మ సంతోషపడింది. అన్నిటికంటే ముఖ్యం బరువు అన్నాడు అమర్‌సింగ్. రెక్క కింద ముందువైపు రెండు చోట్ల పెన్సిలుతో గుర్తుపెట్టి, అక్కడ రెండు వేళ్ల మీద విమానాన్ని నిలబెట్టాడు. ముక్కు కొంచెం కిందికి వాలింది. అట్లా వాలాలి. తోక కిందికి వాలితే మాత్రం ఎవరి చేతుల్లో ఉన్నా, లేచీ లేవగానే ముక్కు పైకెత్తి వెనక్కి పడిపోతుందట. తోక పొడుగ్గా ఉంటుంది గనక అక్కడ కాస్తంత బరువు పెరిగినా చాలట.

విమానం తయారయ్యాక అత్తమ్మ అడ్డం కూర్చుంది. మా సొంతూరు మొగుళ్లపల్లిలో మా ట్రాక్టరు, జీపు, చివరికి మోటారు పంపు కూడా కురవి వీరభద్రస్వామి ముందు ఆగకుండా పని మొదలుపెట్టలేదు. ఇది మాత్రం ఎట్లా పెడుతుందని అడిగింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని రైలెక్కి, బస్సెక్కి కురవి పోయాం. అయ్యగారు దాని ముక్కుకు పసుపు, కుంకుమ పెట్టాడు. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెస్తే, అవి చక్రాల కంటే పెద్దవయ్యాయి. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆయన నవ్వగా చూసి నాకు ఆ రోజు చాలా బాగనిపించింది.

ఎగరేసేది మొగుళ్లపల్లిలో అని ముందు అనుకున్నాం. అడవి దగ్గర రేడియో పెట్టె పట్టుకుని నిలబడితే ఇటు పోలీసులూ అడుగుతారు, అటు అన్నలూ అడుగుతారని మా మరిది వద్దన్నాడు. అందుకని జనగామ దాటాక పల్లికాయ పీకేసిన ఒక చెలక చూసుకున్నాం.

ఎగరేసే ముందు రోజు సాయంత్రం దాని మీద దుమ్ము తుడుస్తూ, సరదాకు పెన్సిలు గుర్తుల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తాను. తోక కిందికి వాలింది. మళ్లీ ఎత్తి చూశాను, మళ్లీ వాలింది. రెక్కను పట్టి ఉంచే రబ్బర్లు తీసి, లోపల చెయ్యి పెట్టి తోక దాకా తడిమాను. చివర బొటనవేలంత రాగి తాయెత్తు, మైనంతో గట్టిగా అతికించి ఉంది.

అత్తమ్మను అడిగితే ఏమాత్రం దాచలేదు. కురవిలోనే కట్టించిందట. తోకలోనే ఎందుకు పెట్టావంటే, "ముందట చూసుకునేటందుకు కండ్లున్నయి. ఎనుక ఎవరున్నరు?" అంది.

ఆయన బ్యాంకు నుంచి వచ్చాక తలుపు దగ్గరికేసి చూపించాను. ఆయన ఆశ్చర్యపోతారని, నన్ను మెచ్చుకుంటారని అనుకున్నాను. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు.

"నాకెరుకే," అన్నారు. "కురవి నుంచి వచ్చిన కాన్నుంచి ఎరుకే."

మరెందుకు తీయలేదని అడిగాను. అవ్వ బాధపడుతుందన్నారు. అత్తమ్మ బాధపడుతుందని ఆయన సిగరెట్టు కూడా మానలేదు. ఆయన ముఖం చూస్తే అసలు సంగతి తెలిసిపోయింది. తాయెత్తుతో పడితే తప్పు తాయెత్తుది. అది తీసేశాక పడితే ఆయనది. ఆ ఏడాది పోకుంటే అనే మాట ఇన్నేళ్లూ ఆయన్ని నిలబెట్టింది, రేపు పొద్దున ఆ చెలకలో దానికి పరీక్ష. నాకు కోపం రావలసింది. భయమేసింది. ఆ తాయెత్తును లోపలే వదిలేసి రబ్బర్లు మళ్లీ తగిలించాలని ఒక క్షణం నాకూ అనిపించింది.

"మీరు తీస్తరా, నేను తియ్యన్నా?" అన్నాను.

ఆయన విమానాన్ని దగ్గరికి లాక్కుని మంచం పట్టె మీద కూర్చున్నారు. లోపలికి చెయ్యి పెట్టి, మైనం గోకి, తాయెత్తు తీశారు. కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నారు. రెండు వేళ్ల మీద విమానాన్ని నిలబెడితే ముక్కు కొంచెం కిందికి వాలింది.

పొద్దున చెలకలో మేం ముగ్గురమే. అమర్‌సింగ్ ఇంజన్ తిప్పాడు. విమానం కొంతదూరం ఉరికి, నేల విడిచి లేచింది. నేను చప్పట్లు కొట్టాను, సిగ్గేమిటి. మాకు దూరంగా పోతున్నంతసేపు చక్కగా పోయింది. ఆయన ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. అటు తిరిగి మావైపు రావడం మొదలుపెట్టినప్పుడు చిక్కొచ్చింది. మనకు ఎదురుగా వచ్చే విమానానికి కుడి ఎక్కడో, మనకు ఎడమ అక్కడ. ఇది అమర్‌సింగ్ మా ఇంట్లో చీపురుకట్ట పట్టుకుని ఎన్నోసార్లు చూపించాడు. విమానం ఒక పక్కకు ఒరిగింది. ఆయన సర్దబోయి అదే పక్కకు తిప్పారు. ఇంకా ఒరిగింది. ఇంకా తిప్పారు.

"చేతులొదలుండ్రి సాబ్," అన్నాడు అమర్‌సింగ్. "జర చేతులొదలుండ్రి. అదే సర్దుకుంటది."

ఆయన వదల్లేదు. వేళ్లు తెల్లబడేదాకా మీటను పట్టుకున్నారు. విమానం చెలక గట్టు పక్కన ముక్కు గుద్దుకుని పడింది. ఇంజన్ చప్పుడు ఆగిపోయింది.

మొదటిసారి అందరూ ఇట్లాగే చేస్తారని, తనదైతే నీళ్లట్యాంకుకే గుద్దుకుందని చెప్పుకుంటూ అమర్‌సింగ్ అటువైపు నడిచాడు. ఆయన కదల్లేదు. రేడియో పెట్టె ఇంకా రెండు చేతుల్లో ఉంది.

"బరువు మంచిగనే ఉండె," అన్నారు. "నేనే తప్పు తిప్పిన. గా సెలక్షన్‌కు పోయినా నన్ను వాపస్ పంపుతుండిరి కావచ్చు."

ఇన్నేళ్లు ఏ మాట పోవాలని నేను మొక్కుకున్నానో, ఆ మాట పోయింది. పోయాక ఆ ముఖం చూడలేకపోయాను.

"గాలి కొట్టింది," అన్నాను. "మీరు చూడలేదు గని, ఒక్కసారే గాలి కొట్టింది."

గట్టు మీద ఆముదపు చెట్ల ఆకు ఒక్కటి కదలడం లేదు. ఆయన ఆ చెట్ల వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"గాలి లేదు, శకుంతలా," అన్నారు.

రేడియో పెట్టె నా చేతికిచ్చి గట్టు దాకా నడిచారు. మట్టిలో చతికిలబడి విరిగిన రెక్క ముక్కలు ఏరుతూ, వచ్చే ఆదివారానికల్లా అతుకుతుందా అని అమర్‌సింగ్‌ను అడిగారు.