మూడేళ్ళ వసారా

జ్లాత పిండి పిసుకుతోంది. తెల్లవారితే పునీత దిమితర్ పండగ. చర్చిలో ప్రసాదపు రొట్టె ఈ ఏడు ఆమే చెయ్యాలని ఊరి ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోరూ మరి! అద్రియానోపుల్ కోట దగ్గర తుర్కులతో పోరాడి పతకంతో తిరిగొచ్చిన కొడుకు ఈ ఊళ్ళో ఆమెకొక్కదానికే ఉన్నాడు.

"రేపు మొదటి ముక్క నీకేనట రా రాదోయ్. ఫాదర్ నికిఫోర్ గారే అన్నారు. పతకం పెట్టుకుని ముందు వరసలో నిలబడు."

రాదోయ్ పొయ్యి పక్కన కూర్చుని బూట్లకు కొవ్వు రాస్తున్నాడు. "నేను లోపలికి రానమ్మా. చర్చి వసారాలోనే నిలబడతాను. మూడేళ్ళు."

జ్లాత చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

యుద్ధంలో మనిషిని చంపినవాడు, ధర్మం కోసమే చంపినా సరే, మూడేళ్ళు ప్రభువు రొట్టె ముట్టకుండా ఉంటే మంచిదని పునీత బసిల్ ఏనాడో చెప్పిన మాట. ఇప్పుడెవరూ పాటించరు. పాటించిన మనిషిని ఆమె ఒక్కణ్ణే చూసింది, తన తండ్రిని. పాత యుద్ధం నుంచి వచ్చి, మూడు చలికాలాలు వసారా రాళ్ళ మీద నిలబడ్డాడాయన. హంతకుడి కూతురని పిల్లలు ఆమె జడ పట్టి లాగేవారు.

"బిషప్పు మీ తుపాకుల మీద పవిత్ర జలం చల్లాడు కదరా! ఇంకా ఈ చాదస్తమేంటి నీకు?"

"తుపాకుల మీద చల్లాడమ్మా. అవతలివాడి మీద చల్లలేదుగా."

పక్కింటి హతిజె పండగకని అక్రోట్లు తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"చూడవే హతిజె, వీడు నా పరువు తీస్తున్నాడు. మీ మతంలో ఉందా ఇలాంటి పిచ్చి?"

"ముసలివాళ్ళ జోలికి, ఆడవాళ్ళ జోలికి పోవద్దని, కాసే చెట్టు నరకొద్దని మా ఇమాము కూడా చెబుతాడక్కా. చెప్పేవాళ్ళకేం, ప్రతి గుడిలోనూ ఉంటారు. నా కొడుకైతే ముందు రొట్టె మింగి, పాపం సంగతి తర్వాత అడిగేవాడు. పాటించేవాణ్ణి కన్నది నువ్వు," అని అక్రోట్లు బల్ల మీద పోసి వెళ్ళిపోయింది.

రాదోయ్ తలెత్తలేదు. "నేను చంపినవాడి కాళ్ళకి ఉన్ని మేజోళ్ళున్నాయమ్మా. మడమలు చిరిగితే ఎవరో వేరే రంగు ఉన్నితో అల్లిపెట్టారు, నువ్వు అల్లినట్టే."

జ్లాత పిండి మీద సిలువ గుర్తున్న చెక్క ముద్ర అద్దింది. అద్దుతుంటే, ఇన్నేళ్ళూ జడ నొప్పి ఒక్కటే గుర్తుపెట్టుకున్న ఆమెకు మరొకటి గుర్తొచ్చింది. నాలుగో ఏడు తండ్రి వసారా దాటి లోపలికి అడుగు పెట్టిన రోజు. నవ్వినవాళ్ళే రెండువైపులా జరిగి దారిచ్చారు. టోపీలు తీశారు. ఆయన వేలు పట్టుకుని నడిచింది తనే.

తెల్లారింది. రాదోయ్ పతకాన్ని అక్రోట్ల పక్కన వదిలేసి బూట్లు తొడుక్కున్నాడు. జ్లాత పెట్టె అడుగు నుంచి తండ్రి గొర్రెతోలు కోటు తీసి దులిపింది.

"ఇది వేసుకో. వసారాలో గాలి కోసేస్తుంది. మీ తాత చోటు తెలుసుగా, ఎడమవైపు, పగిలిన రాయి. పక్కకి జరక్కు. వంగి నిలబడ్డావంటే ఊరుకోను."

కోటు అతని భుజాలకు సరిగ్గా సరిపోయింది. రాదోయ్ ఆమె చేతిని ఒకసారి కళ్ళకద్దుకుని గుమ్మం దాటి వెళ్ళాడు.