వంటావార్పు నాటి పాస్‌వర్డ్

మానుకోట రక్తదాతల సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న బానోతు జైపాల్‌కు చెమటలు కారిపోతున్నాయి. ఎదురుగా ఉన్న దవాఖానలో అతని అక్క రాజీకి కాన్పయింది. బిడ్డ బంగారంలా ఉంది గానీ తల్లికి రక్తం పోవడం ఆగడం లేదు. ఆమెది ఓ నెగెటివ్. వరంగల్ నుంచి తెప్పిద్దామంటే ఆ రోజు ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ బంద్. రైళ్లు ఆగిపోయాయి, రోడ్ల మీద చెట్లు నరికి అడ్డం వేశారు. "ఊళ్లెనే మనిషిని పట్టుకొస్తే ఇక్కడే ఎక్కిస్తం, జల్ది పో" అంది డాక్టరమ్మ.

మనిషి ఉన్నాడు, ఈ డబ్బాలోనే ఉన్నాడు! దాతల వివరాలన్నీ జైపాలే ఎక్కించాడు. పేరు కొడితే ఒక్కొక్కరూ కనబడతారు. కానీ ఓ నెగెటివ్ వాళ్లెవరో తేలాలంటే రిపోర్టు తీయాల్సిందే. అది నొక్కగానే లాగిన్ తప్పంటూ పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు. కాదంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాడు. ససేమిరా అంది. పొద్దున అదే పాస్‌వర్డ్‌తో లోపలికి రానిచ్చిన మహాతల్లి, రిపోర్టు దగ్గరికొచ్చేసరికి నువ్వెవరివి అంటోంది!

"నీ పాడుగాను! నన్నే గుర్తువట్టవా?" అని బల్ల మీద గుద్దాడు.

గత్యంతరం లేక ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ప్రసాద్‌కు హైదరాబాద్ ఫోన్ చేశాడు. భీమవరం మనిషి. అతని సాగదీత విన్నప్పుడల్లా, తమ యాసను వెక్కిరించే సినిమాలే జైపాల్‌కు గుర్తొచ్చేవి. అందుకే ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేవాడు. ఇప్పుడు మాత్రం బతిమాలాడు.

"సారూ, మా అక్క పాణం మీదికొచ్చింది. రిపోర్టు వస్తలేదు. జర చూడు."

"కంగారు పడకండి జైపాల్ గారూ. ఏం తేడా వచ్చినా అది లాగిన్ తప్పనే అంటాదండి. తాళంచెవి సరైందే అయ్యుంటుంది, అసలు దానికి ఇల్లే దొరకలేదేమో. ఈ రెండ్రోజుల్లో కంప్యూటర్లో ఏమైనా మార్చారా?"

"ఏం మార్చలే..." అంటూనే నాలుక కరుచుకున్నాడు. ఎందుకు మార్చలేదు! నిన్న బజారంతా బండ్ల నంబర్లలో ఏపీ చెరిపి టీజీ రాస్తుంటే మనవాడు ఊరుకుంటాడా? తన బండికి రాశాడు, ఆఫీసు బోర్డుకు రాశాడు, అప్పటికీ ఉత్సాహం తీరక కంప్యూటర్ పేరులో కూడా ఏపీ పీకేసి టీజీ పెట్టాడు.

"దాని పేరు మార్చిన సారూ."

"అదీ సంగతి! దాతల పేర్లెక్కించే చోట కంప్యూటర్ పేరుతో పని లేదండి. రిపోర్టు మాత్రం పాత పేరునే వెతుక్కుంటాది. ముందు పాతదే పెట్టి, ఓసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి."

ఏపీ అని తన చేత్తోనే కొట్టాలా! బయట జై తెలంగాణ నినాదాలు హోరెత్తుతున్నాయి. "అక్క కంటె ఎక్కువనారా?" అని తనను తానే తిట్టుకుని కొట్టేశాడు. తెర ఆరిపోయి మళ్లీ వెలిగింది. రిపోర్టు నొక్కాడు. వచ్చింది! ఓ నెగెటివ్ వాళ్లలో ఊళ్లో ఉన్నది ఒక్క యాకమ్మే.

"దొరికింది సారూ!" అని అరిచి, ఫోన్ జేబులో పడేసి బండి మీదికి దూకాడు.

యాకమ్మ ఎక్కడుంటుందో ఆ రోజు ఎవరినీ అడగక్కర్లేదు. బంద్‌లో భాగంగా నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతుంటే, గుండిగ ముందు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. మాట చెవిన పడగానే గరిటె పక్కామె చేతిలో పెట్టింది. "అన్నం మాడకుంట చూడుండ్రి" అంటూ బండెక్కింది. జనం కేకలు వేస్తూ దారి ఇచ్చారు.

ఆమె రక్తం ఇస్తున్నంతసేపూ జైపాల్ తల దించుకునే ఉన్నాడు. "యాకమ్మక్కా, ఫోన్ల సారు చెప్పిండని కంప్యూటర్ల నా చేత్తోటే మళ్ల ఏపీ అని రాసిన" అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. "ఏపీ మనకు చేసిన మేలు గిదొక్కటే గావచ్చు, ఏడ్వకు! రేపు మళ్ల టీజీ పెడుదువు గని, ముందుగాల ఆ ఫోన్ సారును అడుగు."

సాయంత్రానికి రాజీ కళ్లు తెరిచి బిడ్డ ఏదని అడిగింది. జైపాల్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. అంతలో ఫోన్ మోగింది.

"జైపాల్ గారూ, రిపోర్టుని కొత్త పేరుకి సరిచేసి పంపుతున్నానండి. మీ టీజీ మీరు పెట్టేసుకోండి. అది సరే, మీ అక్కయ్యగారికెలా ఉందండి?"

జైపాల్ ఫోన్‌ను చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"బతికింది, అన్నా."