హోలిస్ మేబ్రీ కుడిచెయ్యి

కొక్కేలకు వేలాడుతూ కోడి వెంట కోడి వస్తూనే ఉంది. హోలిస్ మేబ్రీ రెక్క కీలు దగ్గర కత్తి దించి, తిప్పి, లాగి, మాంసాన్ని బల్ల మీదికి వదిలాడు. మళ్ళీ దించాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే పని, ఇదే చలిగది. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. చిటికెన వేలు ఇక చాపుదామన్నా చాపుకోదు. గ్లౌజు కింద మణికట్టుకు బూడిదరంగు పట్టీ ఉంటుంది. అది బిగించకపోతే చేతిలో కత్తి నిలవదు.

ఆ రోజు అతని ధ్యాసంతా చొక్కా జేబులోని ఉత్తరం మీదే ఉంది. కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి నిన్న వచ్చింది. పోస్టులో పంపిన ఓటు కవరు మీద అతని సంతకం పాత సంతకంతో కలవలేదట. శుక్రవారం సాయంత్రం ఐదులోగా వచ్చి సరిచేసుకోకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదట. ఇవాళే శుక్రవారం.

పోస్టులో పంపాలని అతనికేం సరదా లేదు. ఇంటి పక్క చర్చిలో ఉండే పోలింగు కేంద్రాన్ని ఎత్తేసి పద్నాలుగు మైళ్ళ అవతల పెట్టారు. షిఫ్టు ఎప్పుడు వదులుతారో దేవుడికే తెలియాలి.

పక్కనే ఇరవై ఏళ్ళుగా కోస్తున్న ఒనీటాకి ఆ ఉత్తరం సంగతి పొద్దున్నే చెప్పాడు. ఆమె తల తిప్పకుండానే అంది. "ఎందుకన్నా అంత బెంగ? ఎవడు గెలిచినా ఈ కోళ్ళు మనమే కొయ్యాలి."

"నువ్వెప్పుడు ఓటేశావు గనక."

"వెయ్యలేదు కాబట్టే హాయిగా ఉన్నా. మీ పార్టీవాళ్ళకి ఫోన్ చెయ్యరాదూ? రెండేళ్ళకోసారి నీ తలుపు తడతారుగా. ఈసారి నువ్వు తట్టు."

భోజనాల వేళ నిజంగానే చేశాడు. చాలాసేపు మోగాక, సందేశాల పెట్టె నిండిపోయిందని మర గొంతు చెప్పింది. పద్దెనిమిదో ఏటినుంచీ ఆ పార్టీ పేరు పక్కన తప్ప మరెక్కడా గుర్తు పెట్టని మనిషి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఒళ్ళు మండి, మొక్కజొన్న రొట్టె సగంలోనే వదిలేశాడు.

నాలుగింటికి కత్తి కడిగి పెట్టాడు. ముందే వెళ్తే పేరు మీద తప్పు మార్కు పడుతుందన్నాడు సూపర్‌వైజరు. పడనివ్వమన్నాడు హోలిస్.

ఆఫీసు చేరేసరికి ఐదుకి పది నిమిషాలుంది. గుమస్తా డార్లా ఫెంట్రెస్ అతని డ్రైవింగ్ లైసెన్సు చూసి, ఓటరుగా చేరినప్పటి పాత కార్డు తీసి పక్కన పెట్టింది. దాని మీద నిండుగా, మెలికలు తిరిగిన సంతకం. అది పెట్టించింది వాళ్ళమ్మ. ఆమె కాలంలో నల్లవాళ్ళు ఓటడిగితే, ఏదో వంకతో తిప్పిపంపడానికి సీసాలో చిక్కుడు గింజలెన్నో చెప్పమనేవాళ్ళట. అందుకే కొడుకుని వంటింటి బల్ల దగ్గర వారం రోజులు కూర్చోబెట్టి దిద్దించింది. ఎవరూ వంక పెట్టడానికి వీల్లేకుండా రాయరా, అంది.

హోలిస్ పట్టీ విప్పి కౌంటరు మీద పెట్టాడు. అది ఉంటే కలం పట్టు దొరకదు. ఒకసారి పెట్టాడు. కలం జారింది. ఇంకోసారి పెట్టాడు. మూడోసారి పేరు చివర గీత కాగితం దాటిపోయింది.

డార్లా మూడింటినీ కార్డు పక్కన పెట్టి చూసింది. "కలవట్లేదు హోలిస్ గారూ."

"నేనేనమ్మా. ఫొటో చూశారుగా."

"మీరేనని నాకు తెలుసు. కానీ కాగితం కాగితంతో కలవాలి. రూలు అది."

"ఆ సంతకం పెట్టిన చెయ్యి కోళ్ళ ఫ్యాక్టరీలో ఉండిపోయింది. పోయి తెచ్చుకోండి."

గోడ గడియారంలో ఐదైంది. డార్లా లేచి వీధి తలుపు గడియపెట్టి వచ్చింది.

"అయితే నా పేరే కొట్టెయ్యండి," అన్నాడు హోలిస్. "ఇంకోసారి మీకీ తిప్పలుండవు, నాకూ ఉండవు."

"కోపంలో అనకండి."

"కోపమే. కాయితం ఇవ్వండి."

ఆమె ఒక ఫారం జరిపింది. అదే వంకర చేత్తో, అదే వంకర గీతలతో సంతకం పెట్టాడు. డార్లా దాని మీద ముద్ర కొట్టి ట్రేలో పడేసింది.

హోలిస్ ఆ ట్రే వంకే చూశాడు. "దీన్ని పాతదానితో పోల్చరా?"

"పేరు తీసెయ్యడానికి అక్కర్లేదండి."

ఫారం వెనక్కి అడుగుతాడేమోనని డార్లా ట్రే మీద చెయ్యి పెట్టింది. అతను అడగలేదు. అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు, ఆమె పోయి పదకొండేళ్ళయినా సరే. గడియ తనే తీసుకుని, ఎడమచేత్తో తలుపు తోసి, వెళ్ళిపోయాడు.

కౌంటరు మీద బూడిదరంగు పట్టీ, ఇంకా ఆ మణికట్టు వంపుతోనే, కోడికొవ్వు వాసన వేస్తూ పడి ఉంది.