వంటగది చెప్పులు

ఆ ఇంట్లో వంటగది గడప పక్కన ఎప్పుడూ ఒక జత రబ్బరు చెప్పులు ఉండేవి. బయట తిరగడానికి కాదు, ఓవెన్ ముట్టుకోవడానికి. పాలు వెచ్చబెట్టాలన్నా, పొద్దుటి అన్నం వేడి చేయాలన్నా ముందు ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టాలి, ఆ తర్వాతే మైక్రోవేవ్ ఓవెన్ మీద చెయ్యి వేయాలి. లేకపోతే అది కరుస్తుంది. పొడి చేత్తో పట్టుకుంటే చీమ కుట్టినట్టు, తడి చేత్తో పట్టుకుంటే ఎర్రచీమ కుట్టినట్టు. చుట్టాలు వస్తే మంచినీళ్లతో పాటు ఈ సంగతి కూడా అందించేవారు. ఏడాదిగా ఇదే వరస. పులితో కాపురం చేయాల్సి వస్తే మనుషులు అది ఏ వైపు తిరిగి పడుకుంటుందో నేర్చుకుంటారు గానీ, దాన్ని బయటికి తోలాలని మాత్రం అనుకోరు.

నవ్వాల్సిన విషయం ఏమిటంటే, ఆ ఇంటి పెద్దాయన ముప్పై అయిదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినవాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట! ఆయన కొడుకు ప్లంబరు. కోడలు టైలరు. ఇల్లు కట్టిన చాలా ఏళ్లకు వెనకవైపు ఈ వంటగదిని కలిపినప్పుడు కరెంటు పనంతా పెద్దాయన తన చేత్తోనే చేశాడు. నిరుడు అందులో తుప్పుపట్టిన ఇనప నీళ్ల పైపులు పీకి ప్లాస్టిక్ పైపులు వేసింది కొడుకు. ఇద్దరూ పనిమంతులే. ఒకరి పని ఒకరు మెచ్చుకున్న పాపాన పోలేదు, అంతే.

దానికో కథ ఉంది. కొడుకు తన వెంట పనికి వస్తాడని పెద్దాయన ఆశపడ్డాడు. కొడుక్కి తీగలు పట్టలేదు, పైపులు పట్టాయి. ఆ రోజు పెద్దాయన, "సరేరా. ఇక నా తీగల జోలికి నువ్వు రాకు, నీ గొట్టాల జోలికి నేను రాను" అన్నాడు. కోపంలో అన్న మాట. కోపం పోయినా మాట మాత్రం ఉండిపోయింది. పన్నెండేళ్లుగా ఇద్దరూ దాన్ని ఒట్టులా పాటిస్తున్నారు. ఒకే బంతిలో అన్నానికి కూర్చున్నా "మీ ఆయనకు చెప్పమ్మా" అని తండ్రి, "మీ మామగారికి చెప్పు" అని కొడుకు. మధ్యలో కోడలు కత్తెర నోట్లో పడ్డ గుడ్డలా నలిగేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కొన్నాళ్లు ఊరుకుంది. తర్వాత మాటలు మోయడం అలవాటైపోయింది.

అలవాటు చెడింది మాత్రం పిడుగు వల్ల. పిడుగంటే ఆ ఇంటి పదకొండు నెలల పిల్ల. ఒక గురువారం మధ్యాహ్నం అది కుట్టుమిషను పట్టుకుని లేచి, మిషను వదిలేసి, తాత మోకాలి దాకా మూడడుగులు వేసింది. తాత దాన్ని ఎత్తి గాల్లో తిప్పాడు. గడపలో నిలబడ్డ తండ్రి చప్పట్లు కొట్టాడు. కోడలు కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆమె కళ్లు పిల్ల పాదాల మీద నుంచి వంటగది వైపు వెళ్లాయి. ఓవెన్ ఉన్నది పొట్టి బల్ల మీద. దాని తలుపు సరిగ్గా పిడుగు చేతికి అందే ఎత్తులో ఉంది. టేపు పట్టే అలవాటున్న కళ్లు కదా, చూపుతోనే కొలిచేసింది. ఇంకో తొమ్మిదడుగులు. పిల్ల తొమ్మిదడుగులు నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? పిల్లలకు చెప్పులు వేసుకో అని చెప్తే వింటారా?

"మామయ్యా, ఆ ఓవెన్ సంగతి ఇవాళే తేలాలి" అంది.

"తేలేదేముందమ్మా, డబ్బాలోనే లోపం. తీసి అవతల పారెయ్. నా వైరింగు ముప్పై అయిదేళ్లలో ఎవరిచేతా మాట పడలేదు. మీ ఆయనతో కూడా చెప్పు."

మీ ఆయన రెండు గజాల దూరంలోనే ఉన్నాడు. "ఓవెన్ కొత్తది, తీగలు పాతవి. ఏది పాడై ఉంటుందో చిన్నపిల్లాణ్ని అడిగినా చెప్తాడు. మీ మామగారితో ఆ మాట అనకు, మళ్లీ అలుగుతాడు" అన్నాడు, ఆయనకు వినబడేంత గట్టిగానే.

కోడలికి ఒళ్లు మండింది. ఓవెన్ ప్లగ్గు పీకేసి, దాన్ని భర్త సామాన్ల బండిలో పెట్టుకుని, తానే బజారుకు తోసుకుపోయింది.

ఓవెన్లు బాగుచేసే కొట్టు నడిపేది ఒక ఆడమనిషి. అందరూ ఓవెన్ల అక్క అనేవారు. అక్క ముందు ప్లగ్గు చూసింది. మూడు కాళ్లూ సరిగ్గా ఉన్నాయి. తీగ ఎక్కడా నలగలేదు. మీటరు పెట్టి అటూ ఇటూ కొలిచింది. తర్వాత పై రేకు విప్పుతూ, "నువ్వు దూరంగా నిలబడు. ప్లగ్గు పీకినా దీని కడుపులో కరెంటు దాగి ఉంటుంది. ఒక్క దెబ్బకు మనిషిని తీసేస్తుంది. ఇంట్లో ఎవరూ దీన్ని విప్పకూడదు, మీ మామగారైనా సరే" అంది. ముందు ఆ దాగిన కరెంటును ఖాళీ చేసి, లోపలంతా చూసి, మళ్లీ రేకు బిగించింది.

"మీ ఓవెన్ బుద్ధిమంతురాలే. దీంట్లో లోపం లేదు."

"మరి కరుస్తోంది కదక్కా!"

"ఇలాంటి ఓవెన్లు రవ్వంత కరెంటును మూడో కాలు గుండా బయటికి వదులుతాయి. అది వాటి పద్ధతే. ఆ కరెంటు ఎర్త్ తీగ పట్టుకుని భూమిలోకి పోవాలి. దారి లేకపోతే ఎక్కడికి పోతుంది? ఒంటి మీదే ఉండిపోతుంది. నువ్వు ముట్టుకుంటే నువ్వే దారి అవుతావు. దారి ఎక్కడ తెగిందో చూడు. ఇంట్లో టెస్టర్ ఉందా?"

ఎలక్ట్రీషియన్ ఇంట్లో టెస్టర్ లేకపోవడమా! మర్నాడు మామగారు పిడుగును నిద్రపుచ్చుతుండగా కోడలు ఆయన పెట్టెలోంచి టెస్టర్ తీసింది. ముందు గదిలో ఓవెన్ ప్లగ్గు పెట్టి, రేకు మీద టెస్టర్ మొన ఆనించింది. లైటు వెలగలేదు. అదే ఓవెన్‌ను వంటగదిలో పెట్టి చూసింది. ఎర్రగా వెలిగింది. పక్క సాకెట్‌లో ఉన్న స్టీలు కెటిల్ మీద పెట్టింది. అదీ వెలిగింది. ఓవెన్ ప్లగ్గు పీకింది. కెటిల్ ఆరిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ వెలిగింది. ఏ బుద్ధి పుట్టిందో, చివరికి కుళాయి మీద కూడా ఆనించింది. కుళాయి మీద కూడా లైటు వెలిగింది.

ఆమె టెస్టర్ చటుక్కున వెనక్కి లాక్కుంది. రోజూ పిల్లకు మొహం కడిగేది ఆ కుళాయి దగ్గరే.

కరెంటు చదువు ఆమెకు లేదు, కానీ బట్టల చదువు ఉంది. చొక్కా చంకలో చిరిగితే లోపం చంకలో ఉండదు, భుజం కొలతలో ఉంటుంది. చిరుగు దగ్గర కుట్టేవాడు మళ్లీ మళ్లీ కుడుతూనే ఉంటాడు. కుట్టు వెంట వెనక్కి వెళ్లాలి. ఓవెన్ ప్లగ్గు పీకి, మెయిన్ స్విచ్ కట్టేసి, టార్చి పట్టుకుని ఆమె సింకు కింద వెల్లకిలా పడుకుంది. గోడలోంచి ఒక ఆకుపచ్చ తీగ వచ్చి కుళాయి కిందికి పోతోంది. అక్కడ మిగిలిన జానెడు పాత ఇనప పైపు ముక్కకు దాన్ని చక్కగా బిగించి ఉంది. ఆ ముక్క కింద నుంచి నేల దాకా తెల్లటి ప్లాస్టిక్ పైపు, కరెంటుకు దారి ఇవ్వనిది. ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. దారానికి ముడి ఉంది, ముడి కింద గుడ్డ లేదు.

సాయంత్రం భర్త పని నుంచి రాగానే ఆమె ఇద్దరినీ వంటగదిలోకి పిలిచింది.

"మామయ్యా, వంగి ఆ సింకు కింద చూడండి."

"గొట్టాలు నేను చూసేదేముంది? మీ ఆయన్ని చూడమను."

"మా ఆయన్నీ చూడమంటాను. ఇవాళ్టి నుంచి నేను ఎవరి మాటా మోయను. ఇద్దరూ ఒకేసారి వంగండి. పిల్ల నాలుగడుగులు వేసింది ఇవాళ."

ఆమె గొంతు ఎప్పుడూ అలా లేవలేదు. పెద్దాయన మోకాళ్లు పట్టుకుని వంగాడు. కొడుకు పక్కనే కూర్చుని టార్చి వేశాడు. పెద్దాయన చూపు ఆకుపచ్చ తీగ వెంట దిగి, ఇనప ముక్క దాటి, ప్లాస్టిక్ దగ్గర ఆగింది.

"భూమిలోకి పోయే ఇనప పైపని దానికి ఎర్త్ కట్టాన్రా" అన్నాడు. పన్నెండేళ్ల తర్వాత పని గురించి కొడుకుతో నేరుగా అన్న మొదటి మాట అదే. ఆ సంగతి ఆయన గమనించలేదు.

కొడుకు తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. "నేను పైపు మారుస్తుంటే ఈ తీగ కనబడింది నాన్నా. నీ తీగల జోలికి రావద్దన్నావు కదా. అందుకే ఎలా ఉందో అలాగే, ఉన్న కాస్త ఇనప ముక్కకే జాగ్రత్తగా బిగించాను. ఎందుకుందో అడగలేదు."

"అడిగితే చెప్పేవాణ్ని."

"కిందికి ఒక్కసారి తొంగి చూసుంటే నీకే తెలిసేది."

తిలాపాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్లకు చేతిలో కనబడుతూనే ఉంది. పెద్దాయన నేల మీదే చతికిలబడ్డాడు.

"చీమ కుట్టినట్టుందని ఊరుకున్నాం" అన్నాడు నెమ్మదిగా. "లోపల ఏ తీగైనా ఊడి రేకుకు తగిలి ఉంటే? చీమ కాదు, మొత్తం కరెంటు. ఓవెనూ, కెటిలూ, కుళాయీ అన్నీ ఒకటే. చెప్పులు ఏం ఆపుతాయి? ఊళ్లో ఎన్ని ఇళ్లకు ఎర్త్ పెట్టానో లెక్కలేదు. నా మనవరాలి చెయ్యి కడిగే కుళాయికి..." పెద్దాయనకు కన్నీళ్లు రావడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆ రోజు చూశారు.

కొడుకు టార్చి కింద పెట్టి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం చేయాలో చెప్పు నాన్నా. రేపే సామాను తెస్తాను, ఎల్లుండి చేద్దాం."

చేయాల్సింది పెద్దాయన నోటికొచ్చు. మెయిన్ బోర్డు దగ్గరి ఎర్త్ కూడా ముసలిదైపోయింది కాబట్టి వంటగది వెనక కొత్త గొయ్యి తవ్వాలి, అందులో నిలువుగా ఇనప పైపు దించాలి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపాలి, ఆ పైపు నుంచి తీగ తెచ్చి వంటగదికీ బోర్డుకూ రెంటికీ కలపాలి. దానితో పాటు, కరెంటు ఏమాత్రం దారి తప్పినా రెప్పపాటులో కట్టేసే స్విచ్ ఒకటి బిగించాలి. అది పెట్టించుకోమని ఓవెన్ల అక్క కూడా మరీ మరీ చెప్పింది. అప్పటిదాకా ఓవెన్ అటక మీద, వంటగది సాకెట్లన్నీ బంద్.

ఆదివారం తండ్రీకొడుకులు పనిలోకి దిగారు. వాళ్ల పోట్లాట వీధి చివరిదాకా వినబడింది. "గొయ్యి వంకరగా ఉందిరా." "పైపు దించేది నేనా నువ్వా?" "నువ్వే, కానీ వంకరగా దించుతున్నావు." లోపల మిషను కుడుతున్న కోడలికి ఆ అరుపులు ఎంత తీపిగా ఉన్నాయో చెప్పలేం. ఇన్నేళ్లలో మొదటిసారి మధ్యలో ఆమె లేకుండా పోట్లాడుకుంటున్నారు.

చివరికి పైపు తలకు తీగ బిగించే పని మిగిలింది. పెద్దాయన స్పానర్ పట్టుకున్నాడు. రెండేళ్లుగా ఆయన వేళ్లు వణుకుతున్నాయి. నట్టు రెండుసార్లు జారి మట్టిలో పడింది. మూడోసారి ఆయన దాన్ని తీసి, ఊది, పంచెకు తుడిచి, స్పానర్‌తో పాటు కొడుకు చేతిలో పెట్టాడు.

"నువ్వు బిగించు."

"నీ తీగ కదా నాన్నా."

"నీ పైపు కాదూ? బిగించు. గట్టిగా."

కొడుకు బిగించాడు. పెద్దాయన వంగి, లాగి చూసి, ఊఁ అన్నాడు. ఆయన ఇచ్చే సర్టిఫికెట్ అంతే. కొడుక్కి అది చాలు.

ఓవెన్ల అక్క మీటరు తెచ్చి కొలిచింది. కొత్త స్విచ్ మీద పరీక్ష బొత్తాం నొక్కితే టక్కున పడిపోయింది. ఓవెన్ మళ్లీ బల్ల ఎక్కింది. పెద్దాయన టెస్టర్‌తో రేకూ, కెటిలూ, కుళాయీ అన్నీ చూశాడు. ఎక్కడా వెలగలేదు. అప్పుడు కోడలు కుళాయి తిప్పి చేతులు తడుపుకుని, అలవాటు కొద్దీ గడప పక్కన కాలితో వెతికింది. చెప్పులు అక్కడ లేవు. పెద్దాయనే తీసేశాడు. ఆమె ఉత్త కాళ్లతో వెళ్లి, తడి చేతిని ఓవెన్ మీద పెట్టింది. చల్లటి రేకు, అంతే. పిడుగు ఆమె వెనకాలే తొమ్మిదడుగులూ వేసుకుంటూ వచ్చి, ఓవెన్ తలుపును రెండు చేతులతో చరిచి, అందులో తన మొహం చూసుకుని కేరింతలు కొట్టింది. కోడలు పిల్లను ఎత్తుకుని ఏడ్చింది. భయం పోయాక వచ్చే ఏడుపు అది, ఆపాలని ఎవరూ చూడలేదు.

చెప్పులు ఇప్పుడు పెరటి తలుపు దగ్గర ఉంటున్నాయి. ఎర్త్ గొయ్యి ఎండిపోతే పనిచేయదు, తడి ఉండాలి. అందుకని పెద్దాయన రోజూ పొద్దున్నే ఆ చెప్పులు వేసుకుని, పిడుగును చంకన పెట్టుకుని, చెంబుడు నీళ్లు తీసుకెళ్లి గొయ్యిలో పోస్తాడు. పక్కింటావిడ చాలా రోజులు చూసి, ఉండబట్టలేక గోడ మీద నుంచి అడిగింది.

"ఏం మొక్క వేశారు అన్నయ్యగారూ? ఇంకా మొలకెత్తినట్టు లేదే!"

"మొక్క కాదమ్మా, పైపు" అన్నాడు పెద్దాయన. ఇంకో చెంబు నీళ్లు పోసి, కొడుకు వింటున్నాడో లేదో చూసుకోకుండానే చెప్పాడు. "మా అబ్బాయి దించాడు. ఇంత నిటారుగా దించేవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు."