నాలుగు చుట్టకుదుళ్లు

అరవై అయిదు దాకా స్టీరింగు బుద్ధిగానే ఉంది. ముల్లు డెబ్భై అందుకోగానే చలిజ్వరం వచ్చినట్టు గడగడలాడింది.

"కారుకేం కాలేదు. నీ చేతులే వణుకుతున్నాయి. పరీక్ష భయం," అన్నాడు పక్క సీట్లోని మొగుడు.

ఇల్లాలు వేగం తగ్గించి కారు ఇంటివైపు తిప్పింది. పదకొండింటికి డ్రైవింగు పరీక్ష. ఇది మూడోసారి. మొదటిసారి ఎర్రలైటు చూడలేదు. రెండోసారి చూసింది గానీ, దాన్నే చూస్తూ కారుని ఫుట్‌పాత్ ఎక్కించేసింది. ఈసారీ తప్పితే అఆల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. పైగా పెద్ద రోడ్డు మీద, సరిగ్గా డెబ్భైలో, రెండు నిమిషాలు నడిపి చూపించాలి.

"పోయిన వారం వణకలేదుగా?"

"పోయిన వారం పరీక్ష ఇంత దగ్గర్లో లేదుగా!"

పోయిన వారం ఈ కొత్త చక్రాలు కూడా లేవు. ఆ మాట ఆవిడ పైకి అనలేదు. ఆదివారమంతా చెమటోడ్చి వాటిని స్వయంగా బిగించింది ఆయనే. వీధిలో అందరూ ఆయన్ని ఇంజనీరుగారంటారు. చదివింది చరిత్ర. మిక్సీ విప్పి బిగించాక రెండు స్క్రూలు మిగిలితే, "కంపెనీవాళ్ళు ఎక్కువ పెట్టారు" అని తొణక్కుండా చెప్పగలగడం వల్ల వచ్చిన పేరది.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది. టీకి పాలు పెడదామని వంటగదిలో గుండ్రటి అడుగు గిన్నె ఎత్తింది. ఆ గిన్నెలు నాలుగూ ఆవిడ పుట్టింటివి. వట్టి బల్ల మీద నిలబడవు. ఆదివారం చక్రాల అట్టపెట్టెలోంచి నాలుగు అల్యూమినియం రింగుల్ని ఆయన ప్యాకింగేలే అని చెత్తబుట్టలో పడేస్తుంటే, అయ్యో బంగారంలాంటి చుట్టకుదుళ్లు అనుకుని ఏరి తెచ్చి వాటికింద పెట్టింది. పెట్టెలోని కాగితం కూడా దళసరిగా ఉందని అలమారలో పరిచింది.

ఇప్పుడు ఆ కాగితం మీద, రింగు పక్కనే, చక్రం బొమ్మ నడుమ అచ్చంగా ఆ రింగు బొమ్మే కనిపించింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని గబగబా చదివేసింది. కొత్త చక్రం నడిమి కన్నం కారు ఇరుసు తలకన్నా పెద్దది. ఆ సందుని రింగు పూడ్చాలి. పూడ్చకపోతే చక్రం నడిమధ్యన కూర్చోదు, వేగం మీద స్టీరింగు వణుకుతుంది.

"ఏమండీ," అని పిలిచింది. "ఈ ప్యాకింగుని మీ చక్రం బొమ్మలో ఎందుకేశారంటారు?"

ఆయన వచ్చి చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఇవి... నీ దగ్గరెందుకున్నాయి?"

"మీరు పారేస్తేనూ!"

"అవునా? అవి లేకపోయినా ఫరవాలేదు కానీ, ఉంటే ఇంకాస్త మంచిది," అంటూ ఆయన జాకీ కోసం పరుగెత్తాడు.

వాకిట్లో ఆయన కిందా, కాగితం పట్టుకుని ఆవిడ పైనా. చక్రం ఊడదీసి, ఇరుసు తల తుడిచి, రింగు తొడిగి మళ్ళీ ఎక్కించేసరికి అది జాకెట్టు హుక్కులా టక్కున కూర్చుంది. ఆయన నట్లు వరసగా బిగించబోయాడు.

"ఆగండాగండి! ముందు అన్నీ చేత్తో తిప్పాలట. తర్వాత ఒకటి బిగిస్తే దాని పక్కది కాదు, ఎదుటిది. చుక్క ముగ్గు గీసినట్టు."

"నాకు తెలీదూ!"

"తెలుసనే చెబుతున్నా. కారు కిందికి దించాక ఆఖరి బిగింపు. అబ్బ, ఆ కాలు తీయండి! రెంచీ మీదెక్కి తొక్కమని ఇందులో రాయలేదు. కొలత రెంచీ కొన్నారుగా, సీలైనా విప్పారా దాన్ని?"

సీలు విప్పారు. బిగింపు సరిపోగానే ఒక్కో నట్టుకీ రెంచీ 'టిక్' అంది. అన్నిసార్లూ ఆవిడ తల ఊపింది, పాఠం అప్పజెప్పించుకుంటున్న పంతులమ్మలా. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పదింపావు. పరీక్షకెళ్ళే దారిలో డెబ్భై దాటించి చూసుకుంది. స్టీరింగు కిమ్మనలేదు.

పరీక్షాధికారి గుబురు మీసాలతో, ఒళ్ళో ఫైలుతో పక్కన కూర్చున్నాడు. ఎర్రలైటు దగ్గర ఆగింది. ఫుట్‌పాత్‌ని దూరం నుంచే గౌరవించింది. పెద్ద రోడ్డు మీద డెబ్భైలో రెండు నిమిషాలు, ఆ తర్వాత ఆయన ఆపమనడం మరిచిపోతే మూడో నిమిషం కూడా నడిపింది.

"చేతులు భలే నిలకడగా ఉన్నాయే! ఎన్నాళ్ళ అభ్యాసమమ్మా?"

'పదింపావు నుంచండీ' అనబోయి నాలిక కరుచుకుంది. ఆయన నవ్వి సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చాక ఇంజనీరుగారు ఆ సంతోషంలో టీ తనే పెడతానని వంటగదిలోకి వెళ్ళాడు. కాసేపటికి లోపల్నుంచి గిన్నె గిరగిరలాడిన చప్పుడు, వెంటనే ఒక కేక. పాలు బల్లంతా పారాయి.

"ఈ గిన్నేంటే, ఇలా ఊగిపోతోంది?"

ఇల్లాలు గుమ్మంలో నిలబడి, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ తాపీగా చెప్పింది.

"గిన్నెకేం కాలేదండీ. మీ చేతులే వణుకుతున్నాయి."